హోమ్‌స్టే అంటే ఫామ్‌హౌస్ కాదు: అపోహలు - వాస్తవాలు

"ఇల్లు మొత్తం మాకే కదండీ?" ఈ వారంలో ఇది ఐదో ఫోన్. వికారాబాద్ వైపు అనంతగిరి దగ్గర మా తాతగారి ఇంటిని హోమ్‌స్టే చేశాం. అన్నయ్య, వదిన అక్కడే ఉంటారు. బుకింగులు నేను మెహదీపట్నం నుంచి చూస్తాను.

కాదండీ, గదులే మీవి. హోమ్‌స్టే అంటేనే ఇంటివాళ్లు ఉండే ఇల్లు. కేంద్ర పర్యాటక శాఖ నమోదుకి కూడా యజమాని కుటుంబం అందులోనే ఉండాలి. గదులు 6, మంచాలు 12 దాటకూడదు. ముప్పైమందితో, డీజేతో బర్త్‌డే చేసుకోవాలంటే ఫామ్‌హౌస్ తీసుకోండి, తప్పేం లేదు. ఒకటనుకుని ఇంకోటి బుక్ చేస్తే మాత్రం అడ్వాన్స్, బండి కిరాయి రెండూ పోతాయి.

పోయిన వానాకాలం ఒక కుటుంబం రాత్రి తొమ్మిదింటికి దిగింది. ఎవరో మధ్యవర్తి "విల్లా అంతా మీదే" అన్నాడట. వంటింట్లో వదినను చూసి, ఒకే ఇల్లు ఇద్దరికి ఇచ్చేశారనుకుని పెద్దావిడ హడలిపోయారు. ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ వానలోనే దాదాపు 80 కిలోమీటర్లు వెనక్కి వెళ్లిపోయారు. మాకు అందిన డబ్బు మర్నాడే పంపేశాం. మధ్యవర్తి తీసుకున్నది వాళ్లకు తిరిగి రాలేదు. వాళ్ల కోసం చేసిన జొన్నరొట్టెలు అలాగే ఉండిపోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ బాధే. డబ్బు కట్టేముందు నేరుగా ఇంటివాళ్లతోనే మాట్లాడండి.

పాత ఇల్లంటే పాములనే మాటొకటి. పాము ఎక్కువగా ఎలుకల కోసం వస్తుంది. ధాన్యం ఇంట్లో పెట్టడం మానేశాం. రాత్రి బయటికెళ్తే చెప్పులు, టార్చి తప్పనిసరి. వాట్సాప్ వీడియోలు చూపించి పిల్లల్ని భయపెట్టకండి.

"మనవళ్లు అమెరికా నుంచి వచ్చారు, మనవాళ్లేగా, పాస్‌పోర్టులెందుకు?" విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లో మేం వాళ్ల వివరాలు అధికారులకు పంపాలి. మీమీద అనుమానంతో కాదు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు పల్లెలో కష్టమని వదిలేసుకుంటారు కొందరు. కమోడ్ ఉందా, మెట్లెన్ని అని మొహమాటం లేకుండా అడగండి. పోయిన నెల ఒకాయన అమ్మగారి కోసం మూడుసార్లు ఫోన్ చేసి, మూడుసార్లూ సారీ చెప్పారు. సారీ ఎందుకండీ, టెన్షన్ ఉండదా మరి! బాత్రూం ఆనుకుని ఉన్న కింది గది ఇచ్చాం. ఆమె రెండో రోజు పొద్దున్నే వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని, వదినతో కబుర్లు చెబుతూ తాండూరు కందిపప్పు ఏరిపెట్టారు.