తాష్కెంట్ కాగితంలో ఆగస్టు 5

పాకిస్తాన్‌లో ఏటా సెప్టెంబరు 6న రక్షణ దినం జరుపుకుంటారు. 1965లో ఆ రోజు తెల్లవారుజామున భారత సైన్యం లాహోర్ వైపు సరిహద్దు దాటింది కాబట్టి యుద్ధం మొదలుపెట్టింది ఇండియాయేనని వాళ్ల వాదన. కానీ 1966 జనవరి 10న వాళ్ల అధ్యక్షుడు అయూబ్ ఖాన్ యుద్ధం ఆగాక భారత్‌తో సంతకం పెట్టిన తాష్కెంట్ ఒప్పందంలో వేరే తేదీ ఉంది. ఇరు సైన్యాలూ '1965 ఆగస్టు 5కు ముందు' ఎక్కడున్నాయో అక్కడికే వెనక్కి వెళ్లాలట. ఈ రెండు తేదీల మధ్య నెల రోజుల్లో జరిగినదాని గుట్టు, కశ్మీర్‌లోకి మనుషులను రహస్యంగా పంపి తిరుగుబాటు రేపాలన్న పాకిస్తాన్ పథకం ఆపరేషన్ జిబ్రాల్టర్.

దీనికి బీజం ముందే పడింది. 1962లో చైనా చేతిలో మనం దెబ్బతిన్నాం. 1964 మేలో నెహ్రూ పోయారు. కొత్త ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి చూడటానికి మెత్తటి మనిషి. 1965 వసంతంలో కచ్ రణ్‌లో జరిగిన ఘర్షణ పాకిస్తాన్‌కు ధీమా పెంచింది. అంతకు ముందు, 1963 డిసెంబరులో శ్రీనగర్ హజ్రత్‌బల్ దర్గా నుంచి ముహమ్మద్ ప్రవక్తదని నమ్మే పవిత్ర కేశం మాయమైనప్పుడు జనం వేలాదిగా వీధుల్లోకి వచ్చారు. ఆ కోపాన్ని విదేశాంగ మంత్రి భుట్టో, ఆయన చుట్టూ ఉన్నవాళ్లు తమకు నచ్చినట్టు చదువుకున్నారు: అగ్గిపుల్ల గీస్తే చాలు, కశ్మీర్ మొత్తం తిరగబడుతుందని.

ఆ అగ్గిపుల్ల గీసే పని మేజర్ జనరల్ అఖ్తర్ హుసేన్ మాలిక్‌కు అప్పగించారు. సైనికులను, కొద్దిపాటి శిక్షణ ఇచ్చిన ముజాహిద్‌లను, రజాకార్లను మామూలు బట్టల్లో, కశ్మీర్‌ను రెండుగా విడదీసిన కాల్పుల విరమణ రేఖ దాటించాలి. (తెలంగాణవాళ్లకు రజాకార్లు అనగానే కాసిం రజ్వీ గుర్తొస్తాడు. ఆ మాటే గానీ వీళ్లు వేరు.) వచ్చినవాళ్లు ఎందరన్న దానిపై అంచనాలు ఐదారు వేల నుంచి ముప్పై వేల దాకా ఉన్నాయి. దళాలకు తారిఖ్, ఖాసిం, ఖాలిద్, సలావుద్దీన్, గజనవీ అని పాతకాలపు విజేతల పేర్లు పెట్టారు. 711లో స్పెయిన్ మీదికి వెళ్లిన తారిఖ్ దిగిన కొండే జిబ్రాల్టర్. పేర్ల మీద పెట్టిన శ్రద్ధ కశ్మీరీలను ఓ మాట అడగడం మీద పెట్టలేదు. వచ్చినవాళ్లలో చాలామందికి కశ్మీరీ భాషే రాదు.

ఆగస్టు 5న తంగ్‌మార్గ్ దగ్గర కొత్త ముఖాలు ఎదురై దారి అడిగితే, అనుమానం వచ్చిన ఓ పశువుల కాపరి నేరుగా వెళ్లి పోలీసులకు చెప్పాడు. శ్రీనగర్‌లో పీర్ దస్తగీర్ ఉత్సవానికి వచ్చే జనంలో కలిసిపోయి ఊరిని పట్టుకోవాలన్న పథకం సాగలేదు. పట్టుబడ్డ అధికారుల మాటలు రోజుల్లోనే ఆకాశవాణిలో వినిపించాయి. రాజౌరీ వైపు గజనవీ దళం కొంతకాలం నిలదొక్కుకుంది, అంతే. తిరుగుబాటు మాత్రం రాలేదు.

చొరబాటు దారులు మూసేందుకు భారత సైన్యమే రేఖ దాటి ఆగస్టు 28న హాజీపీర్ కనుమ పట్టుకుంది. ఆ ఒత్తిడి తట్టుకోవడానికి పాకిస్తాన్ సెప్టెంబరు 1న జమ్మూ దగ్గరి అఖ్నూర్ మీదికి ట్యాంకులు పంపింది. దాడి సాగుతుండగానే అఖ్తర్ మాలిక్‌ను తప్పించి యాహ్యా ఖాన్‌ను పెట్టడం ఎందుకన్నది అక్కడి మాజీ సైనికుల మధ్య ఇప్పటికీ తెగని వాదన. అఖ్నూర్ దక్కలేదు. శాస్త్రి లాహోర్ వైపు సైన్యాన్ని పంపారు. కశ్మీర్‌లో ఏం చేసినా ఇండియా అంతర్జాతీయ సరిహద్దు దాకా రాదన్న పాకిస్తాన్ లెక్క కూడా అలా తప్పింది. సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి.

తాష్కెంట్‌లో సంతకాలైన కొన్ని గంటలకే శాస్త్రి కన్నుమూశారు. ప్రాణాలొడ్డి గెలిచిన హాజీపీర్‌ను తిరిగి ఇచ్చేశామన్న బాధ మన సైన్యంలో చాలాకాలం ఉంది. పాకిస్తాన్‌లో చిక్కు ఇంకా పెద్దది. గెలుస్తున్నామని రేడియోలో విన్న జనానికి ఈ ఒప్పందం మింగుడు పడలేదు. విద్యార్థులు రోడ్డెక్కారు, భుట్టో కొన్నాళ్లకు మంత్రి పదవి వదిలి అయూబ్‌కే ఎదురు తిరిగాడు.

తూర్పు పాకిస్తాన్‌ది (ఇప్పటి బంగ్లాదేశ్) మరో గోడు. యుద్ధం జరిగినన్ని రోజులూ అక్కడ కాపలాకు ఉన్నది ఒకే ఒక్క డివిజన్. 1966 ఫిబ్రవరిలో లాహోర్‌లో ప్రతిపక్షాలు సమావేశమైనప్పుడు అక్కడి నాయకుడు షేక్ ముజిబుర్ రెహ్మాన్ స్వయంప్రతిపత్తి కోరే తన ఆరు సూత్రాలు ముందు పెట్టారు. వాటిలో చివరిది, తూర్పు పాకిస్తాన్‌కు సొంతంగా ఓ సాయుధ దళం.