నత్త ఒంట్లో ఉప్పెంత?

భీమవరం దగ్గర వెనామీ రొయ్యల సాగు చేసే పాఠకుడొకరు ఇంట్లో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం పెట్టారు. నెల తిరక్కుండానే అద్దాలకూ ఇసుకకూ గోధుమరంగు జిగురు పట్టిందట. దాన్ని శుభ్రం చేయడానికి ఏ నత్తలు, ఏ పీతలు వెయ్యాలి, అంతర్వేది ఒడ్డున దొరికేవి తెచ్చుకోవచ్చా అని అడిగారు.

ఆ జిగురు డయాటమ్‌లు. నీళ్లలోని సిలికాతో ఒంటికి గాజు పెంకు కట్టుకునే ఏకకణ జీవులు. సిలికా అయిపోగానే వాటంతటవే తగ్గుతాయి, బోరు నీళ్లలో ఉప్పు కలిపి పోస్తుంటే మాత్రం తగ్గవు. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు దిగాకే జీవాన్ని వెయ్యాలని రొయ్యల రైతుకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఉప్పు సంగతి. అక్కడ రొయ్యతో వచ్చిన అనుభవం నత్త దగ్గర పనికిరాదు.

వెనామీ 5 పీపీటీలోనూ (కిలో నీటిలో 5 గ్రాముల ఉప్పు) బతుకుతుంది, 35లోనూ బతుకుతుంది. సుమారు 25 పీపీటీ దగ్గర దాని రక్తమూ చెరువు నీరూ సమానంగా ఉంటాయి. ఉప్పు అంతకన్నా తగ్గితే మొప్పల్లోని కణాలు సోడియం, క్లోరైడ్‌లను నీళ్లలోంచి లోపలికి లాగుతాయి, పెరిగితే బయటికి తోస్తాయి. సముద్రపు నత్త మొప్పల్లో ఈ ఏర్పాటు లేదు. సముద్రపు నీటి గాఢత కిలోకు సుమారు 1000 మిల్లీఆస్మోల్ (నీళ్లలో కరిగిన కణాల లెక్క) అయితే నత్త రక్తానిదీ అంతే. నీరు మారితే రక్తమూ మారిపోతుంది.

మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగి ముక్క వడలిపోతుంది కదా. నీరు ఉప్పు ఎక్కువున్న వైపు నడవడం వల్లే ఆ ఊట. 25 పీపీటీకి అలవాటుపడిన నత్తను ఒక్కసారిగా 35లో వేస్తే దాని కణాలూ అలాగే వడలుతాయి. 35 నుంచి 25లో వేస్తే ఉబ్బుతాయి. అయితే మామిడి ముక్కకు లేని ఉపాయం నత్త కణానికి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. టారిన్, గ్లైసిన్, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలను అది లోపల పోగుచేసుకుంటుంది. బయట ఉప్పు పెరిగితే వీటిని పెంచుకుని నీటిని పట్టి ఉంచుతుంది, తగ్గితే వీటిని వదిలేస్తుంది. వదిలేసిన వాటిలో కొంత విరిగి అమ్మోనియాగా బయటికొస్తుంది. ఈ సర్దుబాటుకు గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. బడిలో ద్రవాభిసరణం నిర్వచనాన్ని మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు. ఈ నత్తను చూపించి చెబితే పిల్లలు జన్మలో మరిచిపోరు.

అందుకే రొయ్యపిల్లల సీడు సంచిని చెరువులో తేల్చినట్టు నత్తల సంచిని ట్యాంకులో కాసేపు తేలిస్తే చాలదు, దానివల్ల వేడి మాత్రమే సర్దుకుంటుంది. సంచి నీళ్లలో ఉప్పెంతో రిఫ్రాక్టోమీటర్‌తో కొలిచి, సన్న గొట్టంతో ట్యాంకు నీటిని చుక్కలు చుక్కలుగా కలపాలి. తేడా ఎక్కువుంటే మరింత నెమ్మదిగా. సముద్ర నక్షత్రానికి ఈ సర్దుబాటు ఇంకా కష్టం, దాని కాళ్లను నడిపించే గొట్టాల్లో తిరిగేది దాదాపు సముద్రపు నీరే. పైగా ఇసుక జల్లెడపట్టే రకానికి కొత్త ట్యాంకులో తిండి చాలదు, మెల్లగా మాడి చస్తుంది. అది వద్దే వద్దు.

ఇక అంతర్వేది నత్తలు. వరదలొస్తే గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉప్పు అమాంతం పడిపోతుంది, బురద కమ్మేస్తుంది. మన తీరంలో పగడపు దిబ్బలు లేకపోవడానికి పెద్ద కారణాలు ఇవే. ఒడ్డు నత్తల్లో చాలావాటికి గుల్లకు మూత ఉంటుంది. అది బిగించుకుని మంచినీటి పోటును దాటేస్తాయి. గట్టివే, కానీ వాటి తిండి వేరు. మడ అడవుల టెలిస్కోపియం నత్త ఆటుకు తేలిన బురద మీద మేసేది, దాన్ని ఎప్పుడూ నీళ్లలో ముంచి ఉంచడం అన్యాయం. కోరంగి మడ అడవి 1978 నుంచి అభయారణ్యం, అక్కడ ఏదీ ఏరకూడదు. సముద్ర దోసలు (సీ కుకుంబర్ జీవులు) అన్నీ 1972 వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

నేనైతే పెంపకంలో పుట్టిన చిన్న ట్రోకస్ నత్తలు నాలుగు, సెరిత్ నత్తలు అరడజను వేస్తాను. ట్రోకస్ వెల్లకిలా పడినా తిరిగి లేస్తుంది, ఆస్ట్రియా అనే నత్త లేవలేక చచ్చిపోతుంటుంది. సెరిత్ పగలు ఇసుకలో దాగి రాత్రి మేస్తుంది. నసారియస్ నత్త పాచి తినదు, మిగిలిపోయిన మేత తింటుంది. కాబట్టి చేపలొచ్చాకే. నత్త గుల్లల్లో కాపురముండే హెర్మిట్ పీతలను నేను వెయ్యను. గుల్ల కోసం నత్తనే చంపుతాయి.

వాస్తు ప్రకారం ఈశాన్యం కిటికీ పక్కన పెట్టిన ట్యాంకులు చాలా చూశాను. పొద్దుటెండ నేరుగా పడి నీరు వేడెక్కుతుంది, పాచి పెరుగుతుంది. ఎండాకాలం ఆవిరయ్యేది నీరే, ఉప్పు మిగిలిపోతుంది. అందుకని రోజూ తగ్గినంత ఆర్వో నీరే కలపాలి, ఉప్పునీరు కాదు.

మరొక్క మాట. చెరువులో పాచికి వాడే మైలతుత్తం రాగి లవణం. నత్త రక్తంలో ఆక్సిజన్ మోసేదీ రాగే, అయినా నీళ్లలో కరిగిన రాగి కొంచెం పెరిగినా అది బతకదు. చేపల మచ్చల రోగానికి అమ్మే మందుల్లోనూ రాగి ఉంటుంది, సీసా మీద చూసుకోండి. మైలతుత్తం కలిపిన బకెట్‌ను ఎంత కడిగినా సరే, ఈ ట్యాంకుకు వాడొద్దు.