మ్యాపులో లేని జన్యువు

సార్వా నాట్లు పడ్డ పది రోజులకే ముసురు పట్టిందంటే మా కోనసీమలో అందరి కళ్ళూ మురుగు కాలువ మీదే. నీరు లాగకపోతే మునిగిన చేను వారం పది రోజుల్లో కుళ్ళిపోతుంది. అందుకే కంప్యూటేషనల్ బయాలజీలో, అంటే కంప్యూటర్‌తో జీవశాస్త్రం చేసే పనిలో, పీహెచ్‌డీకి చేరానని చెప్పగానే మా బాబాయి అడిగాడు: "చేలో దిగకుండా వరి మీద పరిశోధనేంట్రా?"

వరి జన్యుక్రమంలో దాదాపు 40 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలుంటాయి. మేం ఎక్కువగా వాడే యంత్రం దాన్ని 150 అక్షరాల ముక్కలుగా చదివి ఇస్తుంది. ఏ ముక్క ఎక్కడిదో తేల్చడానికి ప్రోగ్రాం మాకు మ్యాపు లాంటి ఒక నమూనాతో పోల్చి చూస్తుంది. ఆ నమూనా నిప్పన్‌బరే అనే జపాన్ రకానిది, 2005లో పూర్తయింది. దానితో కలవని ముక్కలు వేరే ఫైల్లో పడతాయి. చాలావరకు అది చెత్తే. మొదటి ఏడాది నేనూ ఆ ఫైలు చూడకుండా డిలీట్ చేసేవాణ్ణి.

సబ్1ఏ గురించి చదివాక ఆ అలవాటు పోయింది. ముంపును తట్టుకునే ఈ జన్యువు ఒడిశా నాటు రకం ఎఫ్‌ఆర్13ఏ నుంచి వచ్చింది, 2006లో బయటపడింది. నిప్పన్‌బరేలో అసలది లేనే లేదు! అంటే దాని ముక్కలు నేను డిలీట్ చేసే ఫైల్లోనే పడి ఉండొచ్చు. మామూలు వరి మునగ్గానే గాలి కోసం పైకి సాగుతుంది. దాచుకున్న పిండిపదార్థమంతా అందుకే ఖర్చయిపోయి, నీరు తీసేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. సబ్1ఏ ఉన్న మొక్క కంగారు పడదు. మునిగిన మొక్కలో పేరుకునే ఇథిలీన్ వాయువు ఆ జన్యువును మేల్కొలుపుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. అలా రెండు వారాల దాకా ఓర్చుకుని, నీరు దిగాక మళ్ళీ చిగురేస్తుంది. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029 రకం, అదే మన స్వర్ణ, దానిలోకి దీన్ని ఎక్కించిన స్వర్ణ సబ్1 2009లో మన దేశంలో విడుదలైంది. ఈ జన్యువును పట్టింది కంప్యూటర్ ఒక్కటే కాదు. రకాలను సంకరం చేసి, నారును నీళ్ళలో ముంచి, ఏది బతికిందో ఏళ్ళ తరబడి లెక్కపెట్టారు.

ట్రైనింగ్ అంటే కోడింగ్ అనుకుంటారు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆరు నెలల్లో వచ్చేస్తుంది. వచ్చిన జవాబును అనుమానించడమే ఓ పట్టాన రాదు. ఒక లక్షణంతో సంబంధం ఉందా అని 30,000 జన్యువులను విడివిడిగా పరీక్షిస్తూ నూటికి 5 తప్పులు ఒప్పుకుంటే, ఏ సంబంధమూ లేకపోయినా 1,500 జన్యువులకు ఉన్నట్టే కనిపిస్తుంది. నా మొదటి లిస్టు అలాంటిదే. గైడ్ ముందు ఎంత గర్వంగా పెట్టానో!

ఇదంతా విని బాబాయి, "రెండు వారాలంటే సరే. మన పల్లపు చేలో నెల దాటినా మోకాలి లోతు నీరు తియ్యదు కదా, అప్పుడో?" అన్నాడు. అప్పుడు మొక్క పొడవు పెరగాల్సిందే, ఎదుగుదల ఆపే సబ్1ఏ అక్కడ పనికిరాదు. నేను వాడుతున్న డేటాలో అలాంటి చేల రకం ఒక్కటీ లేదు.