కోటును వదలని పొగ

అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రి ఒకదానిలో నర్సుగా పనిచేస్తున్న ఒక పాఠకురాలు ఇటీవల ఒక ప్రశ్న పంపారు. వియత్నాం యుద్ధంలో పోరాడిన ఒక వృద్ధుడు ఆమెను తరచుగా అడుగుతారట: ఆరుబయట, చెట్టు కింద, ఎవరికీ దగ్గరగా లేకుండా సిగరెట్ కాల్చుకుంటే లోపల పడుకున్న రోగికి కలిగే నష్టమేమిటని.

ఆయన అలా అడగటంలో న్యాయముంది. ఆ యుద్ధకాలంలో సైనికుడికి ఇచ్చే భోజనపు పెట్టెలో నాలుగు సిగరెట్లు కూడా ఉండేవి, 1975 వరకు ఆ పద్ధతి కొనసాగింది. అలవాటు చేసినది ప్రభుత్వమే కనుక, 1992లో అమెరికా చట్టసభ మాజీ సైనికుల ఆసుపత్రులన్నింటిలో పొగ తాగేవారికి తగిన చోటు చూపాలని చట్టం చేసింది. అది విడి కట్టడమైతే అందులో వేడి, చల్లదనపు ఏర్పాట్లు కూడా ఉండాలన్నది. అయితే అదే చట్టంలో 'వైద్య అవసరాలకు, పరిమితులకు లోబడి' అన్న మాట ఒకటి ఉంది. 2019 అక్టోబర్ 1 నుంచి రోగులకు, సందర్శకులకు ఆసుపత్రి ఆవరణలో సిగరెట్, చుట్ట, పైపు, వేపింగ్ (ఈ-సిగరెట్ ఆవిరి పీల్చడం) అన్నింటినీ నిషేధించినప్పుడు మాజీ సైనికుల శాఖ ఆధారంగా తీసుకున్నది ఆ మాటనే. తాగేవాడు పీల్చే పొగ, పక్కవాడు పీల్చే పొగ మనకు తెలిసినవే. శాఖ వాటితోపాటు మూడో చేతి పొగను, అంటే పొగ పోయాక కూడా బట్టలకు, గోడలకు అంటుకుని మిగిలేదాన్ని కూడా ప్రస్తావించింది. పెద్దాయన ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

తలంటు పోసుకున్న పిల్లకు సాంబ్రాణి ధూపం వేయడం మనందరికీ తెలుసు. నిప్పు చల్లారి, పొగ కిటికీలోంచి వెళ్లిపోయి, గంటలు గడిచినా జుట్టులో ఆ వాసన ఉంటుంది. రాత్రికి దిండు గలీబుకు ఎక్కుతుంది. మర్నాడు తల ఆన్చి ఆ గుడ్డ కాస్త వెచ్చబడగానే మళ్లీ గుప్పుమంటుంది. ఆ ధూపం దిష్టి తీస్తుందన్న నమ్మకానికి ఆధారం లేదు గానీ, దిండు దగ్గర జరిగేది మాత్రం అచ్చమైన రసాయనశాస్త్రం. వాయువులోని అణువులు ఒక ఉపరితలానికి అంటుకోవడాన్ని అధిశోషణం అంటారు. మన బడుల్లో దానికీ, లోపలికి పీల్చుకోవడమైన శోషణానికీ తేడా ఒక్క మార్కు ప్రశ్నగా ముగిసిపోతుంది. దిండు గలీబు చూపిస్తే పిల్లలు జీవితాంతం గుర్తుంచుకుంటారని నా నమ్మకం.

నికోటిన్ కూడా అలాగే అంటుకుంటుంది. దాని మరుగు స్థానం దాదాపు 247 డిగ్రీల సెల్సియస్ కనుక అది తేలికగా ఆవిరై పోదు. కోటు నూలులో, వేళ్ల చర్మంపై, తెరలపై, గోడ రంగుపై నిలిచి, కొద్దికొద్దిగా గాలిలోకి తిరిగి వస్తుంది. సాంబ్రాణితో పోలిక ఇక్కడిదాకా సరిపోతుంది, ఆ తరువాతిది మరింత ఆశ్చర్యకరం. వాహనాల పొగ నుంచి, గ్యాస్ పొయ్యిల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు గదుల్లో కొంత నైట్రస్ ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఉపరితలంపై ఉన్న నికోటిన్‌తో ఆ ఆమ్లం కలిస్తే నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఏర్పడతాయని కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2010లో చూపారు. వాటిలో ఎన్‌ఎన్‌కె అనేది మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. ఎన్‌ఎన్‌ఎ అనే మరొకటి తాజా పొగలో దాదాపు కనిపించదు, పాతబడిన మరకలోనే పుడుతుంది. అంటే గోడకు అంటిన పొగ ఊరికే ఉండదు, కొత్త పదార్థాలను తయారు చేస్తూ ఉంటుంది.

ఇది చెట్టు కింద నుంచి వార్డులోకి ఎలా వస్తుందన్నదానికి జర్మనీలోని మైన్జ్ నగరంలో ఒక సినిమా హాలు జవాబిచ్చింది. లోపల పొగ తాగడం ఏళ్ల క్రితమే నిషేధించిన ఆ హాలులో, ప్రేక్షకులు లోపలికి వచ్చిన ప్రతిసారీ పొగ తాలూకు వాయువులు ఒక్కసారిగా పెరగడాన్ని పరికరాలు నమోదు చేశాయి. పిల్లల సినిమాకు తక్కువగా, పెద్దల సినిమాకు ఎక్కువగా పెరిగాయి. గంటసేపు అక్కడ కూర్చున్నవారికి అందిన కొన్ని హానికర వాయువుల మోతాదు, 1 నుంచి 10 సిగరెట్ల పక్కపొగతో సమానమని 2020లో వెలువడిన ఆ పరిశోధన లెక్కగట్టింది. ఆ పొగను లోపలికి తెచ్చినవి మనుషుల ఒళ్లు, బట్టలే. ఆరుబయట కాల్చి, అదే కోటుతో ఊపిరితిత్తుల వార్డులోకి నడిచే మనిషి విషయంలోనూ జరిగేది ఇదే. తానే కాల్చేవాడికి అందేదానితో పోలిస్తే ఆ మోతాదు చాలా తక్కువే, కానీ దానిని పీల్చేవారు గాలి కోసం ఇప్పటికే అవస్థపడుతున్న రోగులు.

వేపింగ్‌లో మంట లేదు కనుక బూడిద, తారు ఉండవు. కానీ ఆ ఆవిరిలోని నికోటిన్ ఈ నికోటినే, గోడ మీద వాలాక అది ఎక్కడి నుంచి వచ్చిందో నైట్రస్ ఆమ్లానికి పట్టింపు లేదు. నిషేధంలో దానిని కూడా చేర్చడం నా దృష్టిలో సరైన పని. మన దేశం కూడా 2019 సెప్టెంబరులోనే ఈ-సిగరెట్ల అమ్మకాన్ని నిషేధించింది.

ఆ పెద్దాయనకు ఇంకొక మాట కూడా చెప్పవచ్చు. ఆ ఆసుపత్రులు పొగ మానాలనుకునేవారికి చర్మంపై అంటించుకునే నికోటిన్ పట్టీలు, నమిలే గమ్ ఇస్తాయి. పట్టీలోనిదీ అదే నికోటిన్, కానీ అది చర్మం గుండా నేరుగా రక్తంలోకి చేరుతుంది, పక్క మంచం మీది మనిషి గాలిలోకి పొగగా రాదు.