విలేజ్ అంటే పల్లెటూరు కాదు: అమెరికా సబర్బ్‌ల పాలనపై అపోహలు - వాస్తవాలు

షికాగో చుట్టుపక్కల సబర్బ్‌లలో టౌన్ ప్లానింగ్ నా ఉద్యోగం. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు ఏ సందేహం అడిగినా నాకు ముందు షికాగోను ఆనుకునే ఉన్న ఓక్ పార్క్ అనే ఊరు గుర్తొస్తుంది.

అపోహ: జనం పెరిగితే విలేజ్ కాస్తా సిటీ అయిపోతుంది.

వాస్తవం: ఇల్లినాయ్‌లో విలేజ్ అనేది చట్టం ఇచ్చే హోదా. జనాభా 50 వేలు దాటిన ఓక్ పార్కూ విలేజే, 70 వేలు దాటిన షాంబర్గూ విలేజే.

అపోహ: ఊరిని పైనున్న ప్రభుత్వమే ఏర్పాటు చేస్తుంది.

వాస్తవం: మన రాష్ట్రాల్లో పంచాయతీని పక్క నగరంలో కలిపారని జనానికి చాలాసార్లు పేపర్ చూశాకే తెలుస్తుంది. ఇక్కడ మామూలుగా ఓటు ఉంటుంది. అయితే ఆ ఓటు ఎవరిది అన్నదే అసలు సంగతి. ఓక్ పార్క్ ఒకప్పుడు ఆస్టిన్, బెర్విన్‌లతో పాటు సిసెరో టౌన్ కింద ఉండేది. ఆస్టిన్‌ను షికాగోలో కలపాలా వద్దా అని 1899లో టౌన్ మొత్తానికీ ఓటింగ్ పెట్టారు. ఆస్టిన్ వాళ్లు వద్దన్నారు. మిగతా ఊళ్లవాళ్లు సరేనన్నారు. లెక్క అందరి ఓట్లదీ కాబట్టి ఆస్టిన్ షికాగోలో కలిసిపోయింది, అక్కడే ఉన్న టౌన్ హాలుతో సహా! తర్వాత ఓక్ పార్క్ విడిపోవడానికి ఓటేసుకుని, 1902లో సొంత విలేజ్ అయింది. ఈ రోజుకీ ఆస్టిన్ బులెవార్డ్ మీద నిలబడితే ఒక పక్క షికాగో, ఇంకో పక్క ఓక్ పార్క్. రోడ్డు దాటితే పోలీసులు వేరు, బడులు వేరు. ఆ రోడ్డు దాటిన ప్రతిసారీ ఆస్టిన్ వాళ్ల కోసం మనసు చివుక్కుమంటుంది.

అపోహ: విలేజ్ ప్రెసిడెంట్‌గారికి చెబితే పనైపోతుంది.

వాస్తవం: ఓక్ పార్క్‌లో ప్రెసిడెంట్‌నీ, ఆరుగురు ట్రస్టీలనీ (వీళ్లే బోర్డు), క్లర్క్‌నీ జనం ఎన్నుకుంటారు. రోజువారీ పనులు చూసేది మాత్రం బోర్డు నియమించిన మేనేజర్. రోడ్డు మీద గుంత పడితే ఆఫీసుకు ఫోన్ చేస్తే చాలు. రూలే మారాలంటే బోర్డు దగ్గరకు వెళ్లాలి. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్ష చూపకూడదని 1968లో ఆర్డినెన్స్ (అంటే ఊరి చట్టం) చేసింది ఈ ఊరి బోర్డే. మనం ఇవాళ నచ్చిన వీధిలో ఇల్లు వెతుక్కుంటున్నామంటే అలాంటి నిర్ణయాల చలవ కూడా ఉంది.

అపోహ: ప్రాపర్టీ టాక్స్ అంతా విలేజ్‌కే పోతుంది.

వాస్తవం: మొన్న ఒకాయన కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి వచ్చిన బిల్లు పట్టుకుని, కట్టాల్సిన మొత్తం చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి మరీ తెచ్చారు. ఇద్దరం కూర్చుని ఒక్కో వరుసా చదివాం. ఓక్ పార్క్ బిల్లయితే అందులో ప్రాథమిక బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ 97, పక్క ఊరు రివర్ ఫారెస్ట్‌తో ఉమ్మడిగా ఉన్న హైస్కూల్ డిస్ట్రిక్ట్ 200, పార్కులు, లైబ్రరీ, టౌన్‌షిప్ (కౌంటీలో ఒక భాగానికి ఉండే స్థానిక ప్రభుత్వం), కౌంటీ, వీటి మధ్య విలేజ్ కనిపిస్తాయి. పెద్ద వాటా బడులదే. బడులకీ పార్కులకీ లైబ్రరీకీ ఎవరి బోర్డు వాళ్లకుంది.

అపోహ: సిటిజన్‌షిప్ లేదు కాబట్టి మనం నోరెత్తకూడదు.

వాస్తవం: ఈ బోర్డులకు బేసి సంవత్సరాల్లో ఏప్రిల్‌లో జరిగే ఎన్నికల్లో ఓటేయాలంటే సిటిజన్‌షిప్ కావాలి. మీటింగ్‌లో మాట్లాడటానికి అక్కర్లేదు. బహిరంగ సమావేశాల్లో ఎవరికైనా మాట్లాడే అవకాశం ఇవ్వాలని ఇల్లినాయ్ చట్టంలోనే ఉంది. పేరు రాసిచ్చి, పిలిచినప్పుడు మైకు దగ్గరకు వెళ్లండి. వీసా సంగతి అక్కడ ఎవరూ అడగరు.