గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం అడిగినవారు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీకు శుభములు. మానకుండా ప్రార్థిస్తున్నా ఇంట్లో అప్పులు తీరడం లేదనీ, ఉద్యోగం రావడం లేదనీ, అలాంటప్పుడు విశ్వాసంలో నిలిచి ఉండడం ఎందుకనీ మీలో కొందరు అడుగుతున్నారు. అలా అడగడం అవిశ్వాసం కాదు. కీర్తనలు రాసినవారు దేవుణ్ణి ఇంతకంటే గట్టిగానే నిలదీశారు. జవాబుగా మీకు ఒంగోలు ప్రాంతంలో మన పెద్దలు పడిన పాట్లు చెప్పాలనుకుంటున్నాను.

అమెరికన్ బాప్తిస్టు మిషనరీలు తెలుగు దేశానికి 1836లో వచ్చారు. ముప్పై ఏళ్లపాటు ఫలం దాదాపు కనబడకపోవడంతో ఈ పని మూసివేయాలనే మాట వారి దేశంలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. అయినా 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలైన జూయెట్ దంపతులూ కొద్దిమంది తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరేసరికి 1866 అయింది.

అదే ఏడాది తోళ్ల వ్యాపారం చేసే మాదిగ పెద్ద యెర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మం పొంది, తన వ్యాపారం మీద తిరిగే పల్లెలన్నిటిలో బంధువులకు సువార్త చెప్పారు. సంఘంలో చేరేవారు విగ్రహాలకు మొక్కకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు. చదవడానికి ఇవి చిన్న నియమాలుగానే ఉంటాయి. కానీ జాతరలో డప్పు కొట్టడం, ఊరివారు పిలిచిన రోజున పనికి వెళ్లడం ఆనాటి మాదిగపల్లెకు ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన సంగతులు కావు. కళ్లం దగ్గర పంటలో వాటాగా దొరికే మేర గింజలు ఆ చాకిరీకి ముడిపడి ఉండేవి. కొట్టమన్న డప్పు కొట్టనన్నందుకు కొన్ని ఊళ్లలో వారిని బావుల దగ్గరికి రానివ్వలేదు, పశువులను మేపుకోనివ్వలేదు, అబద్ధపు నేరాలు మోపారు. చదువు రాని ఆ మనుషులు ఆ ఒక్క మాట మీద నిలబడ్డారంటే, వేదాంతం చదివినవారి ధైర్యం కంటే దాన్నే నేను గొప్పదిగా ఎంచుతాను.

ఆ తరువాత 1876–78 కరువు వచ్చింది. ఆకలితో ఉన్నవారికి కూలి దొరకాలని క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ఒప్పుకున్నారు. బోధకులే మేస్త్రీలై వేలమంది చేత పని చేయించి, విశ్రాంతి వేళల్లో వారి పక్కన కూర్చుని వాక్యం చెప్పేవారు. అక్కడ ఎందరో బాప్తిస్మం అడిగారు, కానీ అన్నం కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఆయన పదిహేను నెలలపాటు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. పిల్లలారా, ఈ సంగతి దగ్గర కాసేపు ఆగండి. సంఖ్య పెంచుకోవడానికి అంతకన్నా తేలికైన సమయం ఏ మిషనరీకీ దొరకదు, అయినా ఆయన దాన్ని వాడుకోలేదు.

1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి వేలమంది వచ్చారు. ఇక ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదని క్లౌ గారు చెప్పారు. మాకు సాయం వద్దు, కష్టపడి పనిచేశామనడానికి మా చేతుల బొబ్బలే సాక్ష్యం, వచ్చే పంట కూడా పోతే చచ్చిపోతాం, అయితే క్రైస్తవులుగానే చచ్చిపోవాలని ఉంది అని వారు జవాబిచ్చారు. జూలై 3న ఆ నదిలో 2,222 మందికి తెలుగు బోధకులే ఇద్దరిద్దరుగా నీటిలో నిలబడి, వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చారు.

ఆ రోజు నీటిలోకి దిగినవారికి వర్షం వస్తుందనే హామీ గానీ, ఊరివారు మెత్తబడతారనే హామీ గానీ ఎవరూ ఇవ్వలేదు. ఇంత కానుక వేస్తే వీసా వస్తుందని, ఇన్ని రోజులు ఉపవాసముంటే జబ్బు పోతుందని ఇప్పుడు కొందరు వేదికల మీద చెబుతుంటే నాకు చాలా బాధ కలుగుతుంది. ఆ మాట నమ్మిన యౌవనస్థుడు వీసా రానినాడు తన విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోతాడు. సువార్త కోసం ఆకలి, దెబ్బలు, ఓడ పగిలి సముద్రంలో పడడం అన్నీ అనుభవించిన పౌలు వాటిని దేవుడు తనను విడిచిపెట్టాడనడానికి గుర్తులుగా ఎన్నడూ చెప్పలేదు.

అలాగని అన్యాయాన్ని నోరు మూసుకుని భరించమని నేను చెప్పడం లేదు. పౌలు తన కేసులో న్యాయం కోసం రోమా చక్రవర్తి కైసరుకే చెప్పుకొన్నాడు. కాలేజీలోనో హాస్టల్లోనో మీ విశ్వాసం వల్ల ఎవరైనా అవమానిస్తే పెద్దలకు చెప్పండి, అవసరమైతే రాసి ఫిర్యాదు చేయండి. అయితే ఆ మనిషి మీద ద్వేషం పెంచుకోకండి, అతని కోసం పేరు పెట్టి ప్రార్థించండి.

ఇంకొక సంగతి. పేరయ్యగారి కాలం విశ్వాసులు ఒంటరిగా నిలబడలేదు, ఒక పల్లె మొత్తం కలిసి నిలబడింది. మీరు మాత్రం కష్టం రాగానే ఆరాధనకు రావడం మానేసి, బాగుపడ్డాక వస్తామంటున్నారు. ఫీజు కట్టలేని నెలలో, ఇంట్లో జబ్బున్న వారంలో, ప్రార్థించడానికి మాటలు రాని రోజున తప్పకుండా రండి. మీ తరఫున మేము ప్రార్థిస్తాం, మీకు కావలసిన సాయం గురించి సంఘ పెద్దలతో నేనే మాట్లాడతాను.

ప్రభువునందు,
మీ సండేస్కూలు తాతయ్య