రంగం ఓడ నుంచి గల్ఫ్ విమానం దాకా: వలస అనుమతి కాగితం కథ

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో కువైట్, మస్కట్, దుబాయ్ పక్క ఊళ్ల పేర్లంత మామూలుగా నోట్లో నలుగుతాయి. ఇక్కడి నుంచి ఇంటిపని వీసా మీద వెళ్లిన ఆడవాళ్లు చాలామంది. కానీ ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి దేశం దాటడానికి సర్కారు ఇచ్చే అనుమతి, అనే మాట మాత్రం ఏదైనా ఆపద ముంచుకొచ్చాకే వినబడుతుంది. జీతం ఆగినప్పుడు, కఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) కొట్టినప్పుడు, శవపేటిక రావాల్సి వచ్చినప్పుడు ఎవరో ఒక అధికారి 'క్లియరెన్స్ ఉందా?' అని అడుగుతాడు. చాలా ఇళ్లలో దానికి జవాబు ఉండదు. అది ఇంటివాళ్ల అజాగ్రత్త ఒక్కటే కాదు. ఈ అనుమతి పుట్టిన నాటి నుంచే గోదావరి డెల్టా జనం నడిచే దారికి పక్కగా పోయింది.

పరాయి దేశానికి కూలికి పోయేవాడిని సర్కారు తనిఖీ చేయడం 1837లో మొదలైంది. కూలీ, అతన్ని తీసుకుపోయే ఏజెంటు ఇద్దరూ ఓడ ఎక్కేముందు అధికారి ఎదుట హాజరు కావాలి, ఒప్పందం కాగితం మీద చూపాలి. ముందు కలకత్తాకు వచ్చిన ఈ నియమం అదే ఏడాది మద్రాసుకూ వచ్చింది. దీనికి ముందే, 1828 నుంచి 1830 మధ్య, ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న యానాం నుంచి తెలుగు కూలీలను రీయూనియన్ ద్వీపపు చెరకు తోటలకు ఓడల్లో ఎక్కించారు. అప్పుడు అడిగేవాడు లేడు. కూలీల దుస్థితి మీద ఇంగ్లండులో గొడవ రేగి 1839లో వలసనే ఆపేశారు. తోటల యజమానుల ఒత్తిడి మీద 1842లో మారిషస్‌కు మళ్లీ తలుపు తీశారు. తర్వాతి చట్టాల్లో రేవు దగ్గర 'ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్' (వలసదారుల రక్షణ అధికారి) అనే ఉద్యోగి స్థిరపడ్డాడు. ఆ హోదా ఈనాటికీ అదే పేరుతో నడుస్తోంది.

మన డెల్టాకు అసలైన వలస మాత్రం రంగం వలసే, అంటే బర్మాలోని రంగూన్ వైపు వలస. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టా పచ్చబడ్డా, భూమిలేని కూలీకి ఏడాది పొడవునా పని దొరకలేదు. బర్మాలో ఇరావతి డెల్టా వరిపొలాలకు, రంగూన్ మిల్లులకు, రేవుకు మనుషులు కావాలి. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, కాకినాడలో ఓడ ఎక్కించేవాడు, అక్కడ ఆ అప్పు కూలిలోంచి కోసుకునేవాడు. కోరంగి రేవు పేరుమీద మనవాళ్లను బర్మాలో 'కోరంగీలు' అనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టుకున్నాయి. సమ్మె ముగిశాక బర్మీయులను తీసేశాయి. దాంతో చెలరేగిన దాడుల్లో తెలుగువాళ్ల రక్తం పారింది.

ఇంతమంది పోయినా వలస చట్టం వాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. 1922 ఎమిగ్రేషన్ చట్టం బ్రిటిష్ ఇండియా దాటి పోయేవాళ్లకే వర్తిస్తుంది. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. సముద్రం దాటినా చట్టం దృష్టిలో వాళ్లు దేశం దాటలేదు. ఒప్పందం లేదు, తనిఖీ లేదు, ప్రొటెక్టర్ లేడు. మేస్త్రీ మాటే రాతయింది. 1942లో జపాను సేనలు వచ్చిపడినప్పుడు అడవుల వెంట నడిచి వచ్చినవాళ్లలో ఎంతమంది దారిలో చనిపోయారో చెప్పే సరైన చిట్టా లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

గల్ఫ్‌లో చమురు ధర పెరిగిన 1970లలో ఆ పాత 1922 చట్టంతోనే నెట్టుకొచ్చారు. కొత్త చట్టం 1983లో వచ్చి ఆ ఏడాది డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ మనకున్నది అదే. దాంట్లో రెండు పట్టుకొమ్మలు: రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మనుషులను చేర్చుకోకూడదు, అనుమతి లేని మనిషి ఉద్యోగానికి దేశం దాటకూడదు. శిక్ష రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. దొంగ ఏజెంటు ఒక్క మనిషి దగ్గర లక్షకు పైగా గుంజే ఈ రోజుల్లో ఆ రెండు వేలు చూస్తే కడుపు మండుతుంది.

ఈ తనిఖీ అందరికీ కాదు. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టులో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్' అని అచ్చవుతుంది, దాన్నే ఈసీఆర్ అంటారు. అచ్చేమీ లేకపోతే చెక్ అక్కర్లేదని అర్థం. పదో తరగతి సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, యాభై ఏళ్లు దాటినవాళ్లు, మూడేళ్లకు పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్లు ఈ చెక్ నుంచి బయటపడతారు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్, యూఏఈ, మలేషియా, జోర్డాన్, లెబనాన్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్తేనే క్లియరెన్స్ కావాలి.

2004 దాకా ఈ పని కేంద్ర కార్మిక శాఖ చూసేది. ఆ ఏడాది పెట్టిన ప్రవాస భారతీయుల శాఖకు అది మారింది. 2016లో ఆ శాఖను విదేశాంగ శాఖలో కలిపేశారు. మన జిల్లాలవాళ్లు ఇదివరకు కాగితాలు పట్టుకుని హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫీసు చుట్టూ తిరిగేవారు. 2014లో ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చాక కాగితం తెరమీదికి ఎక్కింది. యజమాని అందులో నమోదై, ఎంతమంది కావాలో, జీతమెంతో, పనివేళలేమిటో చెప్పాలి. అవసరమైన చోట అక్కడి మన రాయబార కార్యాలయం దాన్ని సరిచూస్తుంది. ఇక్కడి ఏజెంటు ఆ డిమాండ్ మీద మనిషి వివరాలు, ఒప్పందం, బీమా ఎక్కిస్తాడు. 200 రూపాయల ఫీజు కడితే ప్రొటెక్టర్ అనుమతి ఇస్తాడు. విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారి తెరమీద కనిపించేది అదే.

ఒప్పంద పత్రంలో జీతం గడి దగ్గర ఆగి చూడాలి. అంకె ఏ కరెన్సీలో ఉంది, తిండి, గది అందులో కలిసాయా, విడిగా ఇస్తారా అన్నది అక్కడే తేలుతుంది. అక్కడ దిగాక అరబీలో ఇంకో పత్రం మీద వేలిముద్ర వేయించి తక్కువ జీతం రాసుకోవడం పాత మోసం. ఇక్కడి పత్రం నకలు ఇంట్లో ఉంటే దాన్ని ఎదిరించడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీకి పరిమితి 30,000 రూపాయలు, మీద జీఎస్టీ. రసీదు తప్పనిసరి. సబ్ ఏజెంటు అనేవాడు చట్టంలో లేడు. కానీ ఊళ్లో తలుపు తట్టేది వాడే, డబ్బు పోయేది వాడి చేతికే. ఈ-మైగ్రేట్‌లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఎవరైనా చూడవచ్చు. పేరు ఉంటే చాలదు, ఆ రిజిస్ట్రేషన్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందో, సస్పెండయిందో చూసుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో నియమాలు ఇంకా గట్టివి. ఈసీఆర్ పాస్‌పోర్టున్న మహిళ ఇంటిపనికి వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. మన రాష్ట్రానికి అలాంటి సంస్థగా ఓంక్యాప్ ఉంది. ఉద్దేశం మంచిదే. జరిగింది మాత్రం వేరు. పద్ధతిగా పోయే దారి ఇరుకయ్యేసరికి ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి అక్కడ పనికి మార్చే దారి పట్టారు. 1983 చట్టం ప్రకారం ఉద్యోగం కోసం వెళ్లడమే వలస. విజిట్ వీసాతో వెళ్లేది కాగితం మీద చుట్టపుచూపు ప్రయాణం. మళ్లీ రంగం కథే: మనిషి కూలికే వెళ్లింది, చట్టం దృష్టిలో వెళ్లలేదు. వయసు దిద్దుకోవడం, దొంగ పదో తరగతి సర్టిఫికెట్‌తో పాస్‌పోర్టు తీసుకోవడం మిగతా రెండు దారులు. దొరికితే కేసు పడేది ఆమె మీదే.

అలా వెళ్లినామెకు పోయేవి ఏమిటో లెక్కగా చూడాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో వచ్చింది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు, వైద్యానికి లక్ష దాకా, ఉద్యోగం మీద కోర్టు ఖర్చులకు 45,000 దాకా. క్లియరెన్స్ లేకుండా వెళ్తే ఈ పాలసీ చేయించేవాడు ఉండడు. అంతకన్నా పెద్ద నష్టం, ఫలానా యజమాని ఇంట్లో ఫలానా జీతానికి పనిచేస్తోందని చెప్పే రికార్డు దేశంలో ఎక్కడా ఉండదు. కువైట్‌లో ఇంటిపని వీసాను మనవాళ్లు ఖాదిం వీసా అంటారు. యజమాని ఇల్లు వదిలి బయటపడితే ఆమె 'ఖల్లివెల్లి', అంటే చట్టబద్ధత లేని మనిషి, అయిపోతుంది. అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) చెల్లదు, పట్టుబడితే జైలు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంటుంది కాబట్టి రాయబార కార్యాలయం ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం ఔట్‌పాస్ మీదే తిరిగి రావాలి. 2018లోనూ 2024లోనూ కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా రావడానికి వీలు దొరికింది.

పదో తరగతి పాసైనవాళ్లకు క్లియరెన్స్ అక్కర్లేదు కాబట్టి పై రక్షణలేవీ వాళ్లకు తప్పనిసరి కావు. చదువుకున్నవాడు మోసపోడనుకోవడం ఈ చట్టంలోని పెద్ద పొరపాటు. ఐటీఐ చదివి వెల్డర్‌గానో ఎలక్ట్రీషియన్‌గానో వెళ్లిన కుర్రాడు ఈ దేశపు ఏ లెక్కలోనూ లేకుండా వెళ్లిపోతాడు. 2019 జనవరి నుంచి వాళ్లు కూడా ఈ-మైగ్రేట్‌లో నమోదు కావాలని కేంద్రం ఒక సూచన ఇచ్చి, అమలుకు ముందే పక్కన పెట్టేసింది.

చట్టాన్ని మార్చే ముసాయిదాలు 2019లో, 2021లో వచ్చి ఆగిపోయాయి. 2025 అక్టోబరులో మరో ముసాయిదా బయటికి వచ్చింది. దాన్ని డెల్టావాళ్లు చదవాల్సింది మూడు చోట్ల: ఊరి సబ్ ఏజెంటును చట్టం గుర్తించి బాధ్యుణ్ని చేస్తుందా, విజిట్ వీసా మీద పనికి తీసుకెళ్లినవాడికి శిక్ష పడుతుందా, తిరిగొచ్చిన మనిషి రావాల్సిన జీతం కోసం ఇక్కడి నుంచే దావా వేయగలుగుతుందా.